1982 మాస్సీ 1035కి కొత్త స్లాషరు: నాలుగేళ్లు కోసి రాస్తున్న మాట

మా నిమ్మతోటలో కసువు కోసేది నేనే. కోసే బండి మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు. మా మామయ్య దాన్ని 1982లో కొన్నారు, అప్పటికి నేను మూడో తరగతి. పెళ్లయి పొదలకూరు దగ్గరున్న ఈ ఊరికి వచ్చేసరికే దాని ఎరుపు వెలిసి ఇటిక రంగుకి దిగింది. మామయ్య మోకాళ్ల నొప్పులతో బండెక్కలేకపోవడం, మా ఆయన ఉద్యోగం నెల్లూరులో కావడంతో నాలుగేళ్ల కిందట స్టీరింగు నా చేతికొచ్చింది. ఆ ఏడే ట్రాక్టరు వెనక తగిలించి కసువు కోసే ఐదడుగుల స్లాషరు కొన్నాం. షెడ్డులో ముసలి ట్రాక్టరు పెట్టుకుని, దీనికి కొత్త పనిముట్లు పనికొస్తాయా, అమ్మేసి ఇంకోటి తెచ్చుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు స్లాషరు ఎందుకో చెప్తాను. ఇంతకుముందు నేలను తిరగేసి గుల్ల చేసే రోటావేటరుని బాడుగకి పిలిచేవాళ్లం. అది తిరిగిపోయాక తోట కళ్లాపి చల్లిన వాకిలిలా ఉండేది. కానీ నిమ్మచెట్టు తిండి తీసుకునే సన్నవేర్లు పైపైనే ఉంటాయి, రోటావేటరు కత్తులు తెంచేది వాటినే. తెగిన వేరు తడినేలలో ఉంటే వేరుకుళ్లుకి తలుపు తెరిచినట్టే. మా తూర్పు సాళ్లలో పద్నాలుగు చెట్లు అట్లానే పోయాయని నా నమ్మకం. స్లాషరు నేలను ముట్టదు. మూడు నాలుగు అంగుళాల ఎత్తున కోసి కసువుని అక్కడే పరుస్తుంది. కార్తీకంలో వాన దంచికొట్టినా ఎర్రమట్టి కొట్టుకుపోదు, కోసింది అక్కడే మగ్గుతుంది. గరిక, తుంగ దీంతో చావవు, మళ్లీ లేస్తాయి. వయ్యారిభామని మాత్రం పూతకి రాకముందే రెండు మూడుసార్లు కోస్తూ వచ్చాను, ఇప్పుడు గట్ల మీద తప్ప లోపల పెద్దగా కనపడదు.

స్లాషరు చూడబోయిన మొదటి చోట "మీ బండి పాతదమ్మా, దీనికి యాభై హార్స్‌పవరన్నా ఉండాల" అన్నారు. నేను అదే నిజమనుకుని ఇంటికొచ్చి చెప్పాను. మామయ్య మంచం మీద లేచి కూర్చుని, "వాళ్ల మాట ఇనబాక. ఎనక షాఫ్టు తగిలించేకాడ ఆరు పళ్లు ఉండాయా, దాని మీద అయిదొందల నలభై అని రాసుండాదా, రెండే చూసుకో. ఉంటే మనదానికి పడతాది" అన్నారు.

పట్టింది. ట్రాక్టరు వెనక బయటికి పొడుచుకొచ్చి తిరిగే షాఫ్టు, అదే పీటీవో, ముప్ఫైఐదు మిల్లీమీటర్ల లావు, ఆరు పళ్లు, నిమిషానికి 540 చుట్లు. అప్పటి బండికీ అదే కొలత, ఇప్పుడు షోరూములో ఉన్న చిన్న బండికీ అదే కొలత. పనిముట్టుని ఎత్తి దించే మూడు చేతుల అమరిక కూడా అంతే. హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు మనిషి 1920లలో దానికి రూపమిచ్చాడు. ఆయన పేరే మా బండి ముక్కు మీద ఉంది. బండి తయారైంది మద్రాసులో, టాఫే కంపెనీలో. ఇంజను సింప్సన్‌ది, మూడు సిలిండర్లు. ఎప్పుడో నిర్ణయమైన ఆ కొలతల వల్ల నలభై ఏళ్ల తేడా ఉన్న రెండు ఇనప వస్తువులు పావుగంటలో ఒకదానికొకటి అతుక్కున్నాయి. కొత్త స్లాషరు పిన్నులు పాత చేతుల్లోకి జారినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

శక్తి గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను: ముప్ఫైఐదు హార్స్‌పవరు తరగతి బండికి ఐదడుగుల స్లాషరు సరిపోతుంది. నడుమెత్తు కసువులోకి పోయినా లో ఫస్టు గేరులో, మీటరు ముల్లు పీటీవో గీత మీద నిలబెట్టి నిదానంగా పోతే ఇంజను ఏడవదు. ఆరడుగులది మాత్రం తగిలించొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. పాత బండికి స్లాషరు తగిలించే ప్రతివాళ్లూ ఇది చదివి తీరాలి.

మొదటి ఏడు డిసెంబరులో, రెండో రోజే, ఒక సాలు చివరికి వచ్చి మలుపు తిప్పుదామని క్లచ్చు తొక్కాను. బండి ఆగలేదు. క్లచ్చు పూర్తిగా కిందికే ఉంది, కాలు అదురుతోంది, బండి మాత్రం ఎవరో వెనక నించి తోస్తున్నట్టు ముందుకి పోతోంది. పాత డ్రమ్ము బ్రేకులు పట్టేలోపల ముక్కు పోయి కంచె రాతికూసానికి కొట్టుకుంది. కూసం విరిగింది, బండి ముందు జాలీ సొట్టపోయింది. రెండు నిమిషాల ముందు అదే కూసం దగ్గర మా కూలి మనిషి ఎండుపుల్లలు ఏరుతూ కూర్చుని ఉంది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి.

క్లచ్చు చెడిందనుకుని నెల్లూరు నించి మెకానిక్కుని పిలిపించాం. ఆయన బండి విప్పలేదు. మా పిల్లవాడి సైకిలు తెప్పించి, వెనక చక్రం ఎత్తి పట్టుకుని పెడలు తొక్కి వదిలాడు. పెడలు ఆగింది, చక్రం తిరుగుతూనే ఉంది. "చూశారాక్కా, దీనికి ఫ్రీవీలు ఉంది. మీ ట్రాక్టరుకి లేదు, అంతే" అన్నాడు.

మా బండి సింగిల్ క్లచ్చుది. క్లచ్చు తొక్కితే ఇంజను ఒక పక్కకి, గేరుబాక్సూ పీటీవో కలిసి ఇంకో పక్కకి విడిపోతాయి. స్లాషరు లోపల తిరిగే ఇనప పళ్లెం, దానికి వేలాడే కత్తులు బాగా బరువు. ఒకసారి ఊపందుకున్నాక తిరగలిరాయి లాగా చటుక్కున ఆగవు. ఆ ఊపు షాఫ్టులోంచి గేరుబాక్సుకి, అక్కణ్ణించి చక్రాలకి వస్తుంది. ఇంజను తోయకపోయినా స్లాషరే ట్రాక్టరుని తోస్తుంది. మామయ్య ఇన్నేళ్లు గొర్రుతో, వెనక తగిలించే ట్రక్కుతో నడిపారు కాబట్టి ఆయనకీ ఇది ఎదురుపడలేదు. అమ్మినవాళ్లు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. బండి పాతదని చెప్పే కొన్నాం కదా.

మందు చిన్నది. పీటీవో పళ్ల మీదికి తొడిగే వన్‌వే కప్లింగు దొరుకుతుంది. ఇంజను నించి స్లాషరుకి తిప్పుడు పోనిస్తుంది, స్లాషరు నించి వెనక్కి రానివ్వదు. నాకు ఐదు వేల లోపే పడింది. విరిగిన కూసం, వంగిన జాలీ ఖర్చు దానికంటే ఎక్కువ. ఒక జాగ్రత్త: అది తొడిగితే మధ్యన నాలుగంగుళాల పైన పొడవు పెరుగుతుంది. ట్రాక్టరుకీ స్లాషరుకీ మధ్యనుండే, ఒకదాంట్లో ఒకటి జారే రెండు గొట్టాల పాత షాఫ్టుని అట్లానే బిగిస్తే స్లాషరు ఎత్తినప్పుడు లోపలి గొట్టం బయటి గొట్టం అడుగుకి కొట్టుకుని పీటీవో బేరింగుని చంపేస్తుంది. స్లాషరుని పైకెత్తి ఒకసారి, కిందికి దించి ఒకసారి కొలిచి, రెండు గొట్టాల్నీ సమానంగా కోయించాలి. ఎంత దించినా కనీసం మూడో వంతు ఒకదాంట్లో ఒకటి ఉండాలి. కోసిన అంచులు ఆకురాయితో నున్నగా రాసి గ్రీజు పెట్టాలి.

ఇది పెట్టాక బండి చెప్పినట్టు వింటుంది. అయినా కొన్ని అలవాట్లు నేర్చుకోవాలి. ఈ బండిలో లిఫ్టు ఎత్తే హైడ్రాలిక్ పంపు కూడా పీటీవో వరస మీదే నడుస్తుంది. క్లచ్చు తొక్కి పట్టుకుంటే స్లాషరు లేవదు. అందుకని సాలు చివర ముందు ఎత్తాలి, తర్వాతే క్లచ్చు. దట్టమైన కసువులో ఇంజను గొంతు పడిపోతే క్లచ్చు తొక్కి అట్లానే ఉండొద్దు, కత్తులు కసువులో ఇరుక్కుంటాయి. తొక్కి, గేరు తటస్థంలోకి లాగి, వెంటనే వదలాలి. బండి నిలబడి ఉంటుంది, కత్తులు మళ్లీ ఊపందుకుని ఉన్నది నరికేస్తాయి. కొత్త డ్రైవరు ఎవరైనా ఈ ఒక్కటి నేర్చుకోడానికి రెండు రోజులు పడుతుంది. పాత బండి కొనబోయేవాళ్లు డ్యూయల్ క్లచ్చు ఉందా అని అడిగి కొనండి. అందులో పెడలు సగం తొక్కితే నడక ఆగి పీటీవో తిరుగుతూనే ఉంటుంది, పూర్తిగా తొక్కితేనే అదీ ఆగుతుంది. నేను ఈ బండికి ఐదులో ఒక మార్కు తగ్గించేది అది లేనందుకే.

లిఫ్టుకి రెండు లివర్లు ఉంటాయి. స్లాషరుకి, పెట్టిన ఎత్తులోనే నిలిపే పొజిషన్ లివరే వాడాలి. దున్నేటప్పుడు వాడే డ్రాఫ్టు లివరు పట్టుకుంటే స్లాషరు తనంతట తాను లేస్తూ దిగుతూ కసువుని మెట్లు మెట్లుగా కోస్తుంది. ముందు అంచు వెనక అంచు కంటే అరంగుళం కిందికి ఉండేట్టు టాప్‌లింకు, అంటే మూడు చేతుల్లో పైది, తిప్పుకుంటే కోత శుభ్రంగా వస్తుంది, ఇంజను మీద బరువూ తగ్గుతుంది.

మిగతా పనిముట్ల సంగతి త్వరగా చెప్తాను. మందు కొట్టే హెచ్‌టీపీ పంపు ఈ బండికి చక్కగా కుదిరింది. బండి నిలబెట్టి ఉంచితే మనుషులు పైపులు పట్టుకుని తిరుగుతారు, క్లచ్చుతో పనే లేదు. గజ్జి తెగులుకి లీటరు నీళ్లకి మూడు గ్రాముల లెక్కన కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి తోట మొత్తం దీంతోనే కొట్టిస్తాను. వరి నూర్చే మిషనూ అట్లాగే నిలబెట్టి ఆడించేదే కాబట్టి ఇబ్బంది లేదు. గొర్రు, ట్రక్కు దాని పుట్టుక నించీ చేస్తున్న పనులు. గొర్రు తగిలించినా లిఫ్టు కోసం పీటీవో వేసే ఉంచాలి, అంటే వెనక షాఫ్టు ఊరికే తిరుగుతూనే ఉంటుంది. దాని మీద మూత ఉండాలి. మా దాని మూత ఎప్పుడో పోతే కొత్తది తెచ్చి బిగించాను.

మూత గురించి ఎందుకింత చెప్తున్నానంటే, మన దగ్గర చేలో పనిచేసేవాళ్లు కట్టుకునే బట్టలు అట్లాంటివి. మగవాళ్లకి లుంగీ, తలకి తువ్వాలు. ఆడవాళ్లకి చీర, పైన మగచొక్కా. తిరిగే షాఫ్టుకి కొంగు అంచు తగిలితే చెయ్యి కదిలించేలోపల మనిషిని చుట్టేస్తుంది. నేను బండెక్కేటప్పుడు చున్నీ లేని చుడీదారు వేసుకుంటాను, జడ ముడేస్తాను. షాఫ్టు మీది ప్లాస్టిక్ గొట్టం పగిలితే ఆ రోజు కోత లేదు. ఇంజను ఆపి, తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాకే ఎవరైనా వెనక్కి పోవాలి. స్లాషరు వెనక గొలుసుల తెర తీయొద్దు. ఒకసారి గుప్పెడంత రాయి దానికి తగిలి ఖణేల్ మంది. తెర లేకపోతే అది ఎక్కడికి పోయేదో.

మరమ్మతులు. కోతలో లేచే దుమ్ము, గడ్డిగింజలు రేడియేటరు సందుల్లో పట్టేస్తాయి. రెండు గంటలకోసారి ఆపి, జాలీ తీసి, ఫ్యాను వైపు నించి బయటికి గాలి కొట్టాలి. ఎయిర్ క్లీనరులో ఆయిలు గిన్నె రోజూ చూడాలి. సాయంత్రానికి అడుగున బురద పేరుకుంటుంది. వెనక పీటీవో ఆయిల్ సీలు నాలుగేళ్లలో రెండుసార్లు మార్పించాను. మొదటిది నాసిరకం, ఆరు నెలలకే కారింది. గేరుబాక్సుకీ లిఫ్టుకీ ఒకే ఆయిలు కాబట్టి కారడాన్ని చూసీచూడనట్టు వదిలేస్తే రెండూ దెబ్బతింటాయి. ఈ బండికి సామాను నెల్లూరులోనే దొరుకుతుంది, దొరకనిది మద్రాసు నించి మర్నాటికి తెప్పిస్తారు. ఇంత పాతబండిని నమ్ముకోవడానికి నాకు అదే పెద్ద ధైర్యం.

ఖర్చు నా పుస్తకంలోంచి: ఎకరా కోతకి గంటకి కాస్త ఎక్కువ పడుతుంది, గంటకి మూడు లీటర్ల దాకా డీజిలు. మా ఆరెకరాలు రెండు పొద్దుల్లో అయిపోతాయి. వానల తర్వాత ఏడాదికి నాలుగు కోతలు. కత్తులు ప్రతి కోతకీ నేనే సానపడతాను, రెండిటి బరువూ సమానంగా ఉండేట్టు చూసుకుంటాను. లేకపోతే బండంతా వణుకుతుంది. పది ఇరవై ఎకరాలు రోజూ బాడుగకి కోయాలనుకునేవాళ్లు మాత్రం కొత్త బండే చూసుకోండి. మాటిమాటికీ ఎత్తడం, గేరు తీయడం ఒళ్లు హూనం చేస్తుంది. సొంత తోటకైతే, ఇంట్లో నడిచే పాతబండి ఉంటే, స్లాషరు కొనే రోజే వన్‌వే కప్లింగు కూడా కొని తెచ్చుకోండి.

నేను కోస్తున్నంతసేపూ మామయ్య షెడ్డు పక్కన మంచం మీదే ఉంటారు. కసువు దట్టంగా తగిలి ఇంజను గొంతు మారితే అక్కణ్ణించే "గేరు తగ్గించు" అని కేకేస్తారు. నాలుగేళ్లలో ఒక్కసారీ తప్పు చెప్పలేదు. బండి పని చూడాలనుకునే దగ్గరి ఊళ్ల వాళ్లు తోటకి రావచ్చు, నడిపి చూపిస్తాను. పొద్దున ఏడులోపు రండి. ఎండెక్కితే రేడియేటరు కాగుతుంది, నేను బండి ఆపేస్తాను.