మోటారు తిరుగుతోంది కదా అని ఆర్‌వీ డిష్ కొనకండి

అమెరికాలో ఆర్‌వీ, అంటే లోపలే వండుకుని పడుకునే వీలున్న ఇల్లులాంటి బండి, కొన్నవాళ్ళూ, కొనాలనుకుంటున్నవాళ్ళూ ఇది ఒకసారి చదవండి. ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళను నాలుగు రోజులు అడవికి తీసుకువెళ్ళాలనీ, చీకటి పడ్డాక కాసేపు టీవీ కూడా ఉంటే వాళ్ళకు పొద్దుపోతుందనీ అనుకునేవాళ్ళు తప్పక చదవండి. నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. పాత సామాను అమ్మకాల ప్రకటన ఒకటి చూసి 420 డాలర్లు పెట్టి శాటిలైట్ డోము కొన్నాను. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఆ సామాను మీద మా కుటుంబం ఒక్క కార్యక్రమం కూడా చూడలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. డోము అంటే మన ఇళ్ళ మీద కనిపించే పళ్ళెంలాంటి డిష్ కాదు. బోర్లించిన పెద్ద గిన్నెలా ఉంటుంది. లోపల చిన్న డిష్, దాన్ని తిప్పే మోటారు ఉంటాయి. నేల మీద పెట్టి కేబుల్ తగిలిస్తే ఆకాశంలో ఉపగ్రహం ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. దిక్సూచి పట్టుకుని తంటాలు పడనక్కరలేదు. అందుకే అందరికీ నచ్చుతుంది, నాకూ నచ్చింది.

ప్రకటనలో డోము, హెచ్‌డీ రిసీవర్ బాక్సు, 50 అడుగుల కేబుల్ ఉన్నాయి. ‘అన్ని కంపెనీలకూ పనిచేస్తుంది, తగిలించగానే బొమ్మ వస్తుంది’ అని అమ్మేవాడు రాశాడు. డాలస్ శివారులో ఉన్న ఆయన ఇంటికి వెళ్ళాను. వాకిట్లో డోము పెట్టి, కేబుల్ తగిలించి, బాక్సు ఆన్ చేశాడు. డోము లోపల నుంచి గుర్రుమని చప్పుడు వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. టీవీ తెర మీద మాత్రం ‘ఉపగ్రహం కోసం వెతుకుతోంది’ అన్న మాట కదలలేదు. ఇదేమిటని అడిగితే, ‘ఎదురుగా ఆ ఓక్ చెట్టు అడ్డం, ఖాళీ చోట పెడితే క్షణంలో వస్తుంది, మోటారు తిరుగుతోంది చూడండి’ అన్నాడు. చెట్టు నిజంగానే ఉంది, మోటారు నిజంగానే తిరుగుతోంది. నమ్మాను. ఫోనులో బ్యాంకు నుంచి బ్యాంకుకు అప్పటికప్పుడు చేరే పద్ధతిలో డబ్బు పంపాను. అలా పంపిన డబ్బును తర్వాత వెనక్కి రప్పించుకోవడం దాదాపు అసాధ్యమని ఆ రోజు ఆలోచించలేదు.

అక్టోబరులో ఓక్లహామాలోని బీవర్స్ బెండ్ స్టేట్ పార్కుకు వెళ్ళాం. డాలస్ నుంచి దాదాపు మూడు గంటల దారి. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకు ఆ చెట్లూ, ఆ నది ఎంత నచ్చాయో చెప్పలేను. చుట్టూ 80 అడుగులకు తగ్గని పైన్ చెట్లు. అంత అందమైన చోటే డిష్‌కు అన్నిటికంటే కష్టమైన చోటని సాయంత్రానికి గాని అర్థం కాలేదు.

మొదటి గంట అసలు చప్పుడే రాలేదు. ఆర్‌వీ ట్రైలరు బయట కేబుల్ పెట్టుకునే రంధ్రం ఉంటుంది కదా, దానికి డోము తగిలించాను. లోపల టీవీ దగ్గరున్న గోడ ప్లేటుకు బాక్సు తగిలించాను. డోము ఉలకదు పలకదు. ఆ గోడ ప్లేటుకు చిన్న బటన్, పక్కన ఒక లైటు ఉంటాయి. అది పైకప్పు మీద ఉండే మామూలు యాంటెనాకు బలం ఇచ్చే బూస్టరు. శాటిలైట్ బాక్సు కేబుల్ ద్వారానే డోముకు 13 లేదా 18 వోల్టుల కరెంటు పంపుతుంది, మోటారు తిరిగేది ఆ కరెంటు మీదనే. మధ్యలో బూస్టరు గాని, ఒక కేబుల్‌ను రెండుగా చీల్చే మామూలు కేబుల్ టీవీ స్ప్లిట్టరు గాని ఉంటే ఆ కరెంటు అక్కడే ఆగిపోవచ్చు. కరెంటు దాటినా సిగ్నల్ దాటదు. కేబుల్ టీవీ స్ప్లిట్టర్లు సుమారు 1000 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసేలా చేస్తారు, డిష్ నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 దాకా ఉంటుంది. మీ ట్రైలరు మీద ‘శాట్’ అని విడిగా రాసిన రంధ్రం ఉంటే అదొక్కటే వాడండి. లేకపోతే నేను చివరికి చేసినట్టు కిటికీ సందులోంచి కేబుల్ నేరుగా బాక్సుకే తెచ్చుకోండి.

నేరుగా తగిలించగానే డోము గుర్రుమంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాన్నగారు మడత కుర్చీ తెచ్చుకుని టీవీ ముందు కూర్చున్నారు. అరగంట గడిచింది. డోము తిరుగుతుంది, ఆగుతుంది, తిరుగుతుంది. తడిసిన పైన్ ఆకుల మీద దాన్ని ఇటు జరిపి చూశాను, అటు జరిపి చూశాను. టార్చి పట్టుకుని నా పక్కనే నిలబడ్డ నాన్నగారు ఒక మాట అడిగారు: ‘మన ఇంటి దగ్గర కొబ్బరిచెట్ల మధ్యలో ఉన్న డిష్‌కే బొమ్మ వస్తుంది కదా, ఇక్కడ ఎందుకు రాదు?’

ఆ ప్రశ్నకు ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది, మీకు చెబుతాను, ఎందుకంటే ఇండియా అలవాటుతో ఇక్కడ డిష్ పెట్టబోయే ప్రతివాళ్ళూ ఇందులోనే పడతారు. గుంటూరు భూమధ్యరేఖకు దగ్గర. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న ఉపగ్రహం అక్కడి నుంచి చూస్తే క్షితిజం నుంచి సుమారు 70 డిగ్రీల ఎత్తులో, దాదాపు నడినెత్తి మీదికి వచ్చినట్టు ఉంటుంది. పక్క చెట్టు అడ్డం రావడం తక్కువ. బీవర్స్ బెండ్ నుంచి చూస్తే, నా బాక్సు తాలూకు శాటిలైట్ టీవీ కంపెనీ డిష్ నెట్‌వర్క్ వాడే 110, 119, 129 డిగ్రీల పశ్చిమ ఉపగ్రహాలు నైరుతి వైపు, 36 నుంచి 47 డిగ్రీల ఎత్తులోనే ఉంటాయి. 45 డిగ్రీలంటే లెక్క చాలా తేలిక: 80 అడుగుల చెట్టు అడ్డం రాకూడదంటే డోము ఆ చెట్టుకు 80 అడుగుల దూరంలో ఉండాలి. ఉపగ్రహం ఇంకా కిందికి ఉంటే ఇంకా దూరం జరగాలి. ఉత్తరాన ఉన్న రాష్ట్రాలకు వెళ్ళే కొద్దీ అది ఇంకా వంగిపోతుంది. నా చేతిలో ఉన్నది 50 అడుగుల కేబుల్. ఆకుల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది కదా అని ఊరుకోకండి, తడి ఆకులు సిగ్నల్‌ను బాగా మింగేస్తాయి.

మర్నాడు పొద్దున పక్క సైటులో (ఆర్‌వీ ఆపుకునే చోటు) ఉన్న పెద్దాయన మా అవస్థ చూసి వచ్చారు. విశ్రాంత ఎలక్ట్రీషియన్, ఏళ్ళ తరబడి ఆర్‌వీలో తిరుగుతున్న మనిషి. ఫోనులో ఒక యాప్ తెరిచి, కెమెరాను ఆకాశం వైపు తిప్పి చూపించారు. తెర మీద ఉపగ్రహాలన్నీ ఒక విల్లులా వరుసగా కనిపించాయి. మాకు కావలసిన మూడూ సరిగ్గా పైన్ చెట్ల బోదెల మీద పడ్డాయి. ఇలాంటి యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. సైటు ఎంచుకునే ముందే ఒకసారి చూసుకుంటే ట్రైలరు ఎక్కడ ఆపాలో తెలిసిపోతుంది. ఆయన తన దగ్గరున్న మరో 50 అడుగుల కేబుల్ కలిపి, డోమును రోడ్డు అవతల పడవలు దింపే చోటికి దగ్గరగా పెట్టించారు. మా కేబుల్ కొసలో ఉన్న రాగి మొన మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే దాన్ని కత్తిరించి కొత్త కనెక్టరు కూడా వేశారు. ఆయనకు మేము ఏమిచ్చినా తక్కువే. అమ్మ తాను చేసిన పులిహోర పెట్టింది, ఇష్టంగా తిన్నారు.

డోము ఈసారి రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ కదలలేదు. తెర మీద సిగ్నల్ గీతలు ఆకుపచ్చగా నిండాయి. ఇంత సంతోషం తర్వాత వచ్చిందే అసలు దెబ్బ.

చానళ్ళు రావాలంటే బాక్సును మన పేరు మీద చేయించుకోవాలి. ఆర్‌వీల వాళ్ళకు నెలవారీగా కట్టే పథకాలు ఉంటాయి, కావలసినన్ని నెలలే తీసుకోవచ్చు. ఆ పద్ధతి మంచిదే. పార్కులో ఫోను సరిగ్గా అందక బ్రోకెన్ బో ఊళ్ళోకి వచ్చి, కారులో కూర్చుని కంపెనీకి ఫోను చేశాను. ఫోను ఎత్తిన ఆవిడ బాక్సు వెనక ఉన్న సంఖ్య అడిగింది, చెప్పాను. కాసేపు మౌనం. ఆ బాక్సు మరొకరి ఖాతా మీద అద్దెకు ఇచ్చినదనీ, దాన్ని కంపెనీకి తిరిగి ఇవ్వవలసి ఉందనీ, నా పేరు మీదికి మార్చడం కుదరదనీ చెప్పింది. అంటే నాకు అమ్మిన మనిషి తనది కాని వస్తువు అమ్మాడు. సరే, ఇంకో బాక్సు కొందామనుకుంటే పార్కులో మేము ఉండేది మరో రెండు రోజులే. ఇంట్లో ఉన్న పెద్ద రికార్డింగు బాక్సు తెచ్చుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అలాంటివి చాలావరకు ఈ డోములతో కలవవు, డిష్ నెట్‌వర్క్ వాళ్ళ ‘వాలీ’ లాంటి చిన్న బాక్సులే కలుస్తాయి.

అమ్మినాయనకు అక్కడి నుంచే ఫోను చేశాను. ఎత్తలేదు. సందేశం పెట్టాను, చదివినట్టు కనిపించింది. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

‘అన్ని కంపెనీలకూ పనిచేస్తుంది’ అన్న మాట కూడా ఇంటికి వచ్చాక తేల్చుకున్నాను. డోము లోపల ఉన్న చిన్న స్విచ్‌లు మార్చి డైరెక్ట్ టీవీ అనే మరో కంపెనీకి పెట్టుకోవచ్చన్నది నిజమే. కాని డైరెక్ట్ టీవీ హెచ్‌డీ చానళ్ళు 99, 103 డిగ్రీల ఉపగ్రహాల నుంచి కేఏ బ్యాండు అనే వేరే తరంగాల శ్రేణిలో వస్తాయి. నేను కొన్నటువంటి డోములు కేయూ బ్యాండును మాత్రమే పట్టుకుంటాయి. ‘అన్ని కంపెనీలు’, ‘హెచ్‌డీ’ అన్న రెండు మాటలూ ఒకే ప్రకటనలో కనిపిస్తే అక్కడే ఆగి నిలదీయండి. ఇంకో సంగతి, డోము లోపల ఉన్నది ఒకే చిన్న డిష్ కాబట్టి ఒక సమయంలో ఒక ఉపగ్రహం వైపే చూస్తుంది. రెండు టీవీల్లో రెండు రకాల చానళ్ళు పెడదామంటే చాలాసార్లు కుదరదు. ఇది ఏ ప్రకటనలోనూ రాయరు.

కాబట్టి పాతది కొనేవాళ్ళు ముందు బాక్సు వెనక ఫొటో అడగండి. డిష్ నెట్‌వర్క్ బాక్సు అయితే ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిసీవర్ సంఖ్య, ‘ఎస్’తో మొదలయ్యే కార్డు సంఖ్య ఉంటాయి. డబ్బు ఇవ్వకముందే కంపెనీకి ఫోను చేసి, ఇది నా పేరు మీదికి వస్తుందా అని ఆ రెండు సంఖ్యలతో అడగండి. పది నిమిషాల పని. నేను ఆ పది నిమిషాలు పెట్టి ఉంటే ఈ గొడవే లేదు. డోమును ఖాళీ స్థలంలో పెట్టించి, తెర మీద నడుస్తున్న చానల్ బొమ్మ మీ కళ్ళతో చూడండి. చెట్టు అడ్డం అంటే చెట్టు లేని చోటికి, పక్కనున్న దుకాణం పార్కింగు స్థలానికైనా సరే, రమ్మనండి. మోటారు చప్పుడు వేరు, బొమ్మ రావడం వేరు. ఆ చప్పుడు మోటారుకు కరెంటు అందుతోందని మాత్రమే చెబుతుంది.

డోమే కావాలన్న పట్టుదల లేకపోతే మూడు కాళ్ళ స్టాండు మీద పెట్టుకునే మామూలు డిష్ చూడండి. అరగంట ఓపిక కావాలి, డిష్ బిగించే గొట్టం నిట్టనిలువుగా ఉండాలి, లేకపోతే లెక్కలన్నీ తప్పుతాయి. కాని మూడు ఉపగ్రహాలనూ ఒకేసారి పట్టుకుంటుంది, ఖరీదూ తక్కువ, చెడిపోయే మోటారూ లేదు. ఊరికి దగ్గరలో ఉంటే పైకప్పు మీది యాంటెనాకే స్థానిక చానళ్ళు ఉచితంగా వస్తాయి, దానికి మాత్రం ఆ బూస్టరు బటన్ నొక్కి ఉంచాలి. రాష్ట్రాలు దాటి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: శాటిలైట్‌లో స్థానిక చానళ్ళు ఆ ప్రాంతానికే పరిమితమైన కిరణాల మీద వస్తాయి. దూరం వెళ్ళాక అవి ఆగిపోతే డిష్ చెడిందనుకోకండి, కంపెనీకి చెప్పి చిరునామా మార్పించుకోండి. పెద్ద వానలో బొమ్మ పోవడం కూడా చెడిపోవడం కాదు.

అమ్మానాన్నల కోసం తెలుగు చానళ్ళు కావాలనుకునేవాళ్ళకు విడిగా చెబుతున్నాను. ఆ ఒక్క కారణంతో డోము కొనకండి. మన చానళ్ళు ఇక్కడ ఎక్కువగా ఇంటర్నెట్ మీదనే అందుతున్నాయి. ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఆర్‌వీల కోసం 2022లోనే సేవ మొదలుపెట్టింది. దానికీ ఆకాశం అడ్డం లేకుండా కనిపించాలి, పైన్ చెట్ల కింద అదీ ఇబ్బంది పెడుతుంది. మా నాన్నగారు మిగిలిన రెండు సాయంత్రాలూ కారులో బ్రోకెన్ బో దాకా వచ్చి, ఫోనులో గంటసేపు వార్తలు చూసుకుని తిరిగి వచ్చేవారు. ఒక్క మాట అనలేదు. అందుకే నాకు మరీ బాధ కలిగింది.

నిన్న మళ్ళీ అలాంటి ప్రకటనే ఒకటి కంటపడింది. వేరే పేరు, అదే రకం డోము, ‘అన్ని కంపెనీలకూ’ అన్న అవే మాటలు, పన్నెండు సెకన్ల వీడియోలో మోటారు చప్పుడు. తెర మాత్రం చూపించలేదు. బాక్సు వెనక సంఖ్య పంపమని అడిగాను. ఇంతవరకు జవాబు లేదు. ఆ ప్రకటన ఇంకా అక్కడే ఉంది.