రోడ్డు వైపు గది మేలా, మోగే హాలు మేలా?

ట్యూషన్‌కు గది వెతుకుతున్న మిత్రులు ఈ మధ్య వరసగా ఇదే అడుగుతున్నారు. పోయిన జూన్‌లో గుంటూరు బ్రాడీపేటలోనే నేనూ గది మార్చాను. అద్దె, అడ్వాన్సు లెక్కలు వారికి నాకన్నా బాగా తెలుసు కాబట్టి గొంతు సంగతే చెబుతాను.

పాతది రోడ్డు వైపు గది. నాలుగు కిటికీలు, ధారాళంగా గాలి. కొత్తది వెనక సందులో రెండో అంతస్తు హాలు. టైల్స్ నేల, నున్నటి గోడలు. ఖాళీగా ఉన్నప్పుడు చప్పట్లు కొట్టి చూస్తే ఆ మోత ఎంతకీ చావలేదు. "ఇది పాఠానికా, పెళ్లికా?" అంది మా ఆవిడ.

రోడ్డు వైపు గదిలో చిక్కు హారన్లతో కాదు. హారన్ మోగితే ఆగి, మళ్లీ మొదలుపెడతాం. ఆగకుండా సాగే ఆటోల రొద, ఫ్యాన్ల హోరు మాత్రం మనకు తెలియకుండానే గొంతు పెంచుతాయి. ఫ్రెంచి చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ 1911లోనే ఈ సంగతి రాశాడు. రోగి చెవిలో రొద పెడితే గొంతు పెరిగేది, తీసేస్తే తగ్గేది. రోగికి ఆ తేడా తెలిసేదే కాదు. నాకూ తెలియలేదు. ఓ ఆదివారం పొద్దున త్రికోణమితి చెబుతుండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, రోడ్డు మీద అలికిడి లేదు. "సైన్ తీటా" అన్న నా మాట కేకలా వినిపించి ముందు బెంచీ అమ్మాయి ఉలిక్కిపడింది.

మోగే హాలులో మాటలు ఒకదానిపై ఒకటి పడతాయి, నిజమే. తరగతి గదిలో మోత చావడానికి పట్టే సమయం సుమారు 0.6 సెకన్లు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. కానీ మన మాట కొంత మన చెవికి తిరిగి వస్తే గొంతు తనంతట తనే తగ్గుతుంది. పైగా చప్పట్ల పరీక్ష ఖాళీ గదికే. నలభై మంది వచ్చి కూర్చుంటే వాళ్ల ఒళ్లు, బట్టలే సగం మోతను మింగేస్తాయి. 1895లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సాబిన్ ఒక మోగే ఉపన్యాసశాలలోకి పక్క నాటకశాల నుంచి సీటు మెత్తలు మోయించి, ఎన్ని మెత్తలకు మోత ఎంత తగ్గుతుందో రాత్రిళ్లు కొలిచాడు. నేను వెనక గోడకు రెండు పాత బొంతలు వేలాడదీశాను. చాలింది. థర్మాకోల్ జోలికి వెళ్లకండి, డబ్బు దండగ. ఫ్యాన్లకు బేరింగులు మార్పించాను.

రోడ్డుకు ఏం వేలాడదీస్తాం? కిటికీలు మూయాలి. మే నెలలో, గుంటూరులో, నలభై మందితో!

ఏసీ గది హాయే, బిల్లు కట్టగలిగితే. రేకుల షెడ్డులో వాన పడితే ఆ రోజుకు సెలవు. కాలర్ మైకు గొంతును కాపాడుతుంది గానీ మోగే హాలులో మోతనూ పెంచుతుంది.

నా ఓటు వెనక సందుకే. గది చూడటానికి మాత్రం యజమాని రమ్మన్న మధ్యాహ్నం వేళ వెళ్లకండి. మీ బ్యాచ్ సాయంత్రం ఆరింటికైతే ఆరింటికే వెళ్లి, కిటికీలు తీయించి, ఫ్యాన్లన్నీ వేయించి, పది నిమిషాలు ఏదో ఒక పాఠం చెప్పి చూడండి.