సఫ్రాన్‌బోలులో పాత చెక్క ఇంట్లో బస

టర్కీలోని సఫ్రాన్‌బోలుకి వెళ్తే కొత్త హోటల్‌లో కాదు, పాత ఇంట్లోనే దిగండి. ఈ ఊరు 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఒట్టోమన్ కాలపు ఇళ్లు చాలావాటిని ఇప్పుడు గెస్ట్‌హౌస్‌లుగా మార్చారు.

మా గదిలో కిటికీల పొడవునా చెక్క అరుగు, దానిమీద పరుపులు. గోడ బీరువా తలుపు తీస్తే లోపలే స్నానానికి చిన్న చోటు! ఇవన్నీ పాతకాలపు ఏర్పాట్లే. గోడలంటే కలప చట్రం, మధ్యలో పచ్చి ఇటుకలు, పైన పూత. పై అంతస్తు వీధి మీదకు ముందుకొచ్చి ఉంటుంది. కింద సందు ఎంత వంకరగా ఉన్నా పైన గది మాత్రం చక్కగా నలుచదరంగా కుదురుతుంది. ఆ వడ్రంగులకు దండం పెట్టాలనిపించింది.

మెట్లు మరీ నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది గది అడగండి.

మ్యూజియంగా మార్చిన కైమకామ్లర్ ఇంట్లో గోడలో తిరిగే అల్మరా తప్పక చూడండి. ఆడవాళ్లు అటువైపు వంటకాలు పెట్టి తిప్పితే ఇటు మగవాళ్ల గదిలోకి వచ్చేవి, ఒకరికొకరు కనబడకుండానే.

నాకు అన్నిటికంటే నచ్చింది కమ్మరి బజారు. తలుపు గడియలు, గొళ్లేలు మన కళ్లముందే సాగగొడతారు. యెమెని అనే తోలు జోళ్లు కుట్టేవాళ్ల పాత బజారులో మాత్రం ఇప్పుడు చాలావరకు టూరిస్టు సామాన్లే, చూస్తే బాధేసింది. అక్కడ ఏది కొన్నా చేతిలో పనిముట్టున్న మనిషి దగ్గరే కొనండి. వారాంతంలో రద్దీ ఎక్కువ, మామూలు రోజున పొద్దున్నే వెళ్తే వాళ్లు తీరిగ్గా మాట్లాడతారు.