మీటరు పెట్టాకే స్క్రూ విప్పే మనిషి: కర్నూలు బళ్ళారి చౌరస్తా దగ్గరి డెక్కుల అంగడి

బళ్ళారి చౌరస్తా దాటి కోడుమూరు దారి పట్టాక ఎడమచేతి సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు ఎండకి వెలిసిపోయి 'కార్ డెక్' అన్న రెండు ముక్కలే మిగిలినాయి. అద్దాల వెనక కొత్త సెట్లు మెరిపించి అమ్మే చోటు కాదిది. ఇంకెక్కడో బిగించినవి మొరాయిస్తే ఇక్కడికి తెస్తారు. కంపెనీ ఇచ్చిన స్టీరియోని (డెక్కుని) అలాగే ఉంచి, దానికి సౌండు పెంచే యాంప్లిఫయరూ (యాంపు), బేస్ పలికే వూఫరూ తగిలించుకుని తంటాలు పడుతున్నవాళ్ళకే ఈ రివ్యూ. మిగతావాళ్ళకి ఇక్కడ పనేమీ లేదు.

నాది ఎమ్మిగనూరులో ఎరువుల అంగడి. కర్నూలుకీ ఆదోనికీ తిరగడమే సరిపోతుంది, పాటలు లేకపోతే ఆ దారుల్లో నిద్రొస్తుంది. కారు మా మేనమామ కొడుకు దగ్గర కొన్న పాత పెట్రోలు బండి. డిక్కీలో పన్నెండు అంగుళాల వూఫరు పెట్టె, దాని వీపుకే బిగించిన నాలుగు చానళ్ళ యాంపు కారుతో పాటే వచ్చినాయి. రెండు చానళ్ళు ముందు డోర్ల స్పీకర్లకి, మిగతా రెండూ కలిపి వూఫరుకి. వినడానికి బాగానే ఉంది కదా? ఇంజను వేస్తే డోర్లలోంచి సన్నగా కుయ్యిమనేది, యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఆ కూత పైకి లేచేది. మా నాయనైతే వెనక ఎవరో హారన్ కొడుతున్నారని కిటికీ దించి చూసేవాడు. సౌండు కాస్త పెంచితే యాంపు మీద ఎర్ర లైటు వెలిగి అంతా మూగపోయేది. ఇవి చాలవన్నట్టు, బండి రెండు రాత్రులు కదలకుండా ఉంటే పొద్దున సెల్ఫ్ తిరిగేది కాదు.

ఈ అంగడికి రాకముందు అడిగిన ప్రతిచోటా ఒకటే జవాబు: డెక్కు మార్చు, ఆండ్రాయిడ్ స్క్రీను వేసుకో, పీడ పోతుంది. అదే నిజమైతే ఎంత సుఖం.

ఈయన్ని అందరూ భాయ్ అంటారు, నేనూ అలాగే పిలిచినా. బండి చూడగానే ఆయన అన్న మొదటి మాట, "అన్నా, చెకింగ్‌కి ఐదు నూర్లు. దొరికినా ఐదు నూర్లే, దొరక్కపోయినా ఐదు నూర్లే. సరేనా?" కొందరికి ఈ మాటకే కోపం వస్తుందట. నాకు మాత్రం ఇదే నచ్చింది. చూసినందుకు డబ్బు తీసుకోని మనిషి ఆ డబ్బు ఏదో ఒక సామాను అమ్మి రాబట్టుకుంటాడు, అది మన అంగళ్ళలో మనకి తెలియని లెక్కేం కాదు.

పాట పెట్టొద్దన్నాడు. ఇంజను వేయించి, కూత వినిపించగానే యాంపులోకి వచ్చే సిగ్నల్ పిన్నులు రెండూ లాగేసినాడు. కూత ఆగిపోయింది. "యాంపు బాగుంది. రోగం దానికి వచ్చే దారిలో ఉండాది." తర్వాత మీటరు నల్ల ప్రోబుకి పొడుగు వైరు కలిపి బ్యాటరీ మైనస్‌కి తగిలించి, ఎర్ర ప్రోబు యాంపు ఎర్త్ స్క్రూకి (కారు బాడీకి పోయే వైరు బిగించే చోటు) ఆనించి, పిన్నులు మళ్ళీ పెట్టి పాట వేయమన్నాడు. బేస్ దరువు పడినప్పుడల్లా మీటరు 0.8 వోల్టు దాకా పోతోంది. అక్కడ ఇంచుమించు సున్నా ఉండాలి. ముందున్న డెక్కు ఎర్త్ ఒక మట్టంలో, డిక్కీలోని యాంపు ఎర్త్ ఇంకో మట్టంలో ఉంటే ఆ తేడా సిగ్నల్ వైరు మీదుగా సర్దుకుంటుంది. ఆల్టర్నేటరులో పుట్టే రొద దాన్ని పట్టుకుని స్పీకర్లలోకి వస్తుంది. ఆల్టర్నేటరు ఇంజనుతో తిరుగుతుంది కాబట్టే యాక్సిలరేటరుతో పాటు కూతా లేస్తుంది.

ఎర్త్ వైరు ఎక్కడ పెట్టారయ్యా అంటే, స్టెప్నీ బిగించే బోల్టు కింద, పెయింటు మీదే. భాయ్ వేరే చోట బాడీ రేకు మీద పెయింటు గీకి తళతళ లాడేదాకా రుద్ది, వైరు చివర లగ్గు అనే లోహపు ముక్క నొక్కి బిగించి, దాన్ని బోల్టుతో బిగించి, తుప్పు పట్టకుండా పైన మళ్ళీ పెయింటు పూసినాడు. వైరు పొడుగు మూరకి మించలేదు. మీటరు 0.04 చూపించింది, కూత ముప్పాతిక వంతు పోయింది.

మిగిలిన పావు వంతు కోసం డెక్కు బయటికి లాగాల్సి వచ్చింది. కంపెనీ స్టీరియోకి వెనక యాంపు పిన్నులు ఉండవు కదా, స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసి హై-లో కన్వర్టర్ అనే చిన్న డబ్బాతో తగ్గించి యాంపుకి ఇస్తారు. ఇక్కడ నాకొక కొత్త సంగతి తెలిసింది. డెక్కు ఆన్ చేసి, స్పీకరు మైనస్ వైరుకీ కారు బాడీకీ మధ్య మీటరు పెట్టి చూపించినాడు: దాదాపు 6 వోల్టులు. ప్లస్ వైరులోనూ అంతే. ఈ డెక్కుల్లో స్పీకరు మైనస్ అంటే ఎర్త్ కాదు, బ్యాటరీ వోల్టేజీలో సగం రెండు వైర్ల మీదా కూర్చుని ఉంటుంది. ఆ మైనస్‌ని ఎవరైనా బాడీకి కలిపితే డెక్కు లోపలి ఐసీ (చిప్పు) కాలిపోవచ్చు. నా బండిలో అంత దూరం పోలేదు గానీ, ఉన్న కన్వర్టర్ మరీ నాసిరకం. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉండి రెండు వైపులనూ విడగొట్టే రకం వేస్తే మిగిలిన కూత కూడా పోయింది. వైర్లు మెలేసి నల్లటేపు చుట్టిన జాయింట్లన్నీ ఊడదీసి సోల్డరు చేసి స్లీవు వేసినాడు. మన ఎండలకి ఆ టేపు జిగురు కారి వేళ్ళకి అంటుకుంటోంది, చూస్తేనే చిరాకు.

ఎర్ర లైటు కథ ఇంకా విచిత్రం. వూఫరుకి రెండు కాయిళ్ళు, ఒక్కోటి 4 ఓమ్‌లు. రెండింటినీ పక్కపక్కన కలిపేసరికి 2 ఓమ్‌లైంది. మీటరు 1.8 చూపించింది, కాయిలు తీగని మీటరుతో కొలిస్తే రాసినదానికంటే కాస్త తక్కువే వస్తుందట. యాంపు వీపు మీద మాత్రం రెండు చానళ్ళు కలిపి వాడితే 4 ఓమ్‌లకి తగ్గకూడదని స్పష్టంగా అచ్చేసి ఉంది. ఓమ్‌లు తగ్గేకొద్దీ యాంపు మీద భారం పెరుగుతుంది, అంటే ఆ ఎర్ర లైటు రోగం కాదు, ప్రాణం కాపాడుకోవడానికి అది పెట్టిన మొర. కాయిళ్ళు రెండూ వరసలో కలిపి 8 ఓమ్‌లు చేసినాడు. పవరు తగ్గదా అని అడిగితే, యాంపు పక్కనున్న ఫ్యూజు చూపించి లెక్క చెప్పినాడు. దాని మీద స్టిక్కరు 1200 వాట్స్ అంటోంది. ఫ్యూజు 25 ఆంపియర్లు. ఇంజను నడుస్తుంటే 14 వోల్టులు అనుకున్నా లోపలికి పోయేది 350 వాట్లు, ఈ రకం యాంపులో సుమారు 60 శాతమే సౌండు కింద బయటికొస్తుంది, మిగతాది వేడి. నాలుగు చానళ్ళకి కలిపి 200 చిల్లర. వూఫరు వాటా 100. "1200 యాడ్నుంచి వస్తాదన్నా?" అప్పట్నుంచి ఎవరి కారులో యాంపు కనిపించినా ముందు ఫ్యూజు చూడటం నాకు జబ్బైపోయింది.

భాయ్ నిజంగా కోప్పడింది పవరు వైరు చూసి. పైన 4 గేజ్ అని రాసి ఉంది, బ్లేడుతో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం, పైపైన రాగి పూత. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. ఇంజనుకీ లోపలి సీట్లకీ మధ్యనుండే ఫైర్‌వాల్ రేకు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్టూ లేదు, రేకు అంచు ఇన్సులేషన్ని సగం కోసేసింది. "ఇది వైరు కాదన్నా, పెట్రోలు బండికి పెట్టిన వత్తి." యాంపు దగ్గరుండే ఫ్యూజు యాంపుని కాపాడుతుంది గానీ, దారిలో వైరు బాడీకి తగిలితే ఏం చేయలేదు. అందుకే బ్యాటరీ నుంచి మూరెడు లోపలే ఒకటి ఉండి తీరాలి. గేజ్ నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నం, అయినా ఈ యాంపుకి అసలైన రాగి 8 గేజ్ చాలన్నాడు. వైరు ఆయన దగ్గర స్టాకు లేదు, నన్నే టౌనుకి పంపి తెప్పించుకున్నాడు. ఎండలో అది కాస్త మంటే.

సెల్ఫ్ సమస్య పదినిమిషాల్లో తేలింది. యాంపుని ఆన్ చేసే రిమోట్ వైరుని ఎప్పుడూ కరెంటుండే లైనుకి కలిపారు, తాళం తీసినా యాంపు నిద్రపోదు. ఫ్యూజు బాక్సులో తాళంతో పాటు ఆగే లైనుకి మార్చినాడు. అంతే.

చివర్లో చేసిన సెట్టింగ్ చూసి తీరాలి. వూఫరు వైర్లు తీసేసి, ఫోనులో 50 హెర్ట్జ్ టోను పెట్టి, డెక్కు వాల్యూము ముప్పాతిక దాకా పెంచి, యాంపు వూఫరు చానళ్ళ గెయిన్ని (సిగ్నల్ ఎంత పెంచాలో చెప్పే మీటని) మీటరులో 28 వోల్టులు వచ్చేదాకా తిప్పినాడు. 100 వాట్లు, 8 ఓమ్‌లు, గుణించి వర్గమూలం తీస్తే అంతే వస్తుంది. మన ఇళ్ళ కరెంటు కూడా 50 హెర్ట్జే కాబట్టి చవక మీటరైనా దీన్ని సరిగ్గా చదువుతుంది. తర్వాత వూఫరు వైర్లు మళ్ళీ పెట్టి, దానికి సన్న శబ్దాలు పోకుండా ఆపే ఫిల్టరుని 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి రేడియోలో వార్తలు వేసినాడు. వార్తలు చదివే మగగొంతు డిక్కీలోంచి వినబడకూడదట. వూఫరు ప్లస్ మైనస్ ఒకసారి తిరగేసి, డ్రైవరు సీట్లో కూర్చున్నప్పుడు ఏది గట్టిగా వినిపిస్తే దాన్ని ఉంచినాడు.

ఇప్పుడు డప్పు దెబ్బ డప్పు దెబ్బలా ముందునుంచి వస్తోంది. మునుపు వెనకాల ఎవరో డోరు వేసినట్టుండేది. ఒక్కటి మాత్రం మిగిలింది. వాల్యూము బాగా పెంచితే బేస్ సన్నబడుతుంది. చిన్న డోరు స్పీకర్లు చిరగకుండా కంపెనీ స్టీరియోలు చాలావాటిలో అలా కోత పెడతారు, దానికి ఆ కోతని సరిదిద్దే ప్రాసెసర్ అనే డబ్బా వేయాలి. "నువ్వు అంత సౌండు పెట్టవులే అన్నా, వద్దు" అని ఆయనే ఆపేసినాడు. అమ్ముకునే అవకాశం వదులుకున్న అంగడివాణ్ణి నేనూ అంగడివాణ్ణే కాబట్టి గుర్తు పెట్టుకుంటా.

బాగోలేనివీ చెప్పాలి. కూర్చోడానికి ఒక పాత సీటు తప్ప ఏమీ లేదు. డ్యాష్‌బోర్డు క్లిప్పు ఒకటి విరిగింది, చెప్పకుండా పెట్టేసినాడు, ఇంటికొచ్చాక గతుకుల్లో కటకట మంటే తెలిసింది. ఫోను చేసి అడిగితే వచ్చినప్పుడు వేస్తానన్నాడు, వేసినాడు. బిల్లు ఇవ్వడు. పని మొదలుపెడితే ఇంకెవరు వచ్చినా మాట్లాడడు, మధ్యాహ్నం పైన పోతే మరుసటి రోజుకే. చెకింగ్ కాక కూలీ 1,800, కన్వర్టరూ వైరూ ఫ్యూజులూ కలిపి 2,400 అయ్యింది. డెక్కు మార్చమన్నవాళ్ళు చెప్పిన ధరలో ఇది మూడోవంతు లేదు. బిగించినవాళ్ళ ఫోను నంబరు, యాంపు పుస్తకం ఉంటే వెంట తీసుకుపోండి, పుస్తకం చూసి ఆయన మొహం వెలిగిపోతుంది.