కూస్ బే పరుగు బంగారం, బస మాత్రం బాదుడు

ఒరెగాన్‌లో ఉంటూ పరుగు అలవాటున్నవాళ్లు ఒక్కసారైనా కూస్ బే వెళ్లి ప్రీఫాంటైన్ మెమోరియల్ రన్‌లో పాల్గొనాలి. ఈ ఊళ్లో పుట్టిన పరుగువీరుడు స్టీవ్ ప్రీఫాంటైన్ (అందరూ ‘ప్రీ’ అంటారు) జ్ఞాపకార్థం ఏటా సెప్టెంబరులో జరిగే 10 కిలోమీటర్ల రేసు అది. అయితే ముందురోజు రాత్రి ఎక్కడ పడుకుంటారో గట్టిగా తేల్చుకుని వెళ్లండి. ఆ ఊరి ఎత్తులు ఎక్కినప్పుడు రాని ఆయాసం నాకు మోటెల్ కౌంటర్ దగ్గర వచ్చింది.

హిల్స్‌బరో నుంచి నలుగురం బయలుదేరాం: నేను, మా ఆవిడ, బావమరిది, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తయ్యగారు. యూజీన్ దాకా ఐ-5 హైవే మీద ప్రయాణం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. యూజీన్‌లో మాత్రం హెండ్రిక్స్ పార్క్ పక్కనున్న స్కైలైన్ బులెవార్డ్ ఎక్కి ‘ప్రీస్ రాక్’ చూడాల్సిందే. స్టీవ్ ప్రీఫాంటైన్ 1975 మే 30న కారు ప్రమాదంలో చనిపోయిన చోటు అది. అంతకు కొన్ని గంటల ముందే అదే ఊళ్లోని హేవర్డ్ ఫీల్డ్‌లో 5000 మీటర్లు గెలిచాడు. వయసు 24. రాతి చుట్టూ జనం వదిలివెళ్లిన పతకాలు, బిబ్‌లు (ఛాతీకి తగిలించుకునే రేసు నంబర్లు), అరిగిన బూట్లు కుప్పగా ఉంటాయి. అక్కడి స్మారక శిలను ఒరెగాన్ స్టేట్ పెనిటెన్షరీ ఖైదీలు పెట్టించారు. ఆ జైల్లో రన్నింగ్ క్లబ్ మొదలుపెట్టింది ప్రీనే. ఇదంతా నేను ఉత్సాహంగా చెబుతుంటే అత్తయ్యగారు అంతా విని, “ఇంతకీ ఆ అబ్బాయికి పెళ్లయిందా బాబూ?” అని అడిగారు. కాలేదన్నాను. “పాపం, వాళ్లమ్మ” అని మళ్లీ కారెక్కేదాకా మాట్లాడలేదు. రోడ్డు ఇరుకు, కారు ఆపడానికి చోటు తక్కువ. జాగ్రత్త.

యూజీన్ నుంచి కూస్ బేకి హైవే 38 పట్టుకోండి. అంప్‌క్వా నది పక్కనే రోడ్డు సాగుతుంది. రీడ్స్‌పోర్ట్ చేరేముందు డీన్ క్రీక్ దగ్గర పచ్చిక బయళ్లలో ఎల్క్ అనే పెద్ద జింకల మందలు మేస్తుంటాయి. ఇక్కడ అత్తయ్యగారి పులిహోర డబ్బా ఖాళీ అయింది. మా బావమరిది రేసు ముందు రోజు కార్బోహైడ్రేట్లు ఎక్కువ తినాలన్న సిద్ధాంతం చెప్పి సగం తనే లాగించాడు.

ఇక మోటెల్. పేరు చెప్పను, హైవే 101 మీద ఉంది. ఆన్‌లైన్‌లో బుక్ చేసినప్పుడు రాత్రికి 149 డాలర్లు, పన్ను అదనం. కౌంటర్‌లో ఉన్నాయన ముందు నవ్వుతూ, “మీరు రన్ కోసమే వచ్చారు కదా?” అన్నాడు. ఔనన్నాం. ‘ఈవెంట్ ఫీజు’ అని 35 డాలర్లు కలిపాడు. తర్వాత మా నలుగురినీ లెక్కపెట్టాడు. ఇద్దరికి మించితే తలకి 15 చొప్పున ఇంకో 30. పన్నుతో మొత్తం 236 డాలర్ల 40 సెంట్లు. కన్ఫర్మేషన్‌లో ఈవెంట్ ఫీజు మాటే లేదని ఫోన్ చూపిస్తే, “అది వెబ్‌సైట్ వాళ్లతో చూసుకోండి” అన్నాడు. రద్దు చేసుకుంటామంటే, ఈరోజుకి రద్దు కుదరదని కౌంటర్ మీది బోర్డు వైపు వేలు చూపించాడు.

నాకు ఒళ్లు మండింది అసలు ఇందుకు కాదు. ఆయన వెనక గోడ మీద ప్రీఫాంటైన్ నిలువెత్తు పోస్టర్ ఉంది. ఆ రోజుల్లో అమెరికాలో అథ్లెటిక్స్‌ని నడిపే అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ అథ్లెట్లకి రోజుకి మూడు డాలర్ల బత్తా ఇస్తుంటే, మేం పరిగెత్తుతుంటే మీరు డబ్బు చేసుకుంటారా అని బాహాటంగా తిరగబడ్డ మనిషి ప్రీ. ఆయన బొమ్మ కింద కూర్చుని, ఆయన పేరు మీద పరిగెత్తడానికి వచ్చినవాళ్ల దగ్గర 35 డాలర్లు గుంజడమా?

గది సంగతి చెబితే నవ్వుతారు. ఏసీ కింద కార్పెట్ తడిసి ముద్దగా ఉంది. మా ఆవిడ సాక్సు వేసుకుని అటు నడిచి అక్కడే ఆగిపోయింది. అడుగు తీస్తే పిచిక్ పిచిక్‌మని శబ్దం. వేరే గది లేదన్నారు, రెండు పాత తువ్వాళ్లు ఇచ్చారు, పరుచుకోమని! దిండ్లకి సిగరెట్ వాసన. బ్రేక్‌ఫాస్ట్ గది తలుపు తీసేసరికి మేం స్టార్ట్ లైన్‌కి పోవాల్సిన టైమ్. అత్తయ్యగారు బిల్లుని రూపాయల్లోకి మార్చమన్నారు. చెప్పాను. “ఇరవై వేలా! అన్నవరంలో అయితే పెళ్లివారందరికీ గదులొచ్చేవి” అని దుప్పటి ముసుగేసుకున్నారు. మా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. గదిలో ఉన్న టెన్షన్‌కి బావమరిది బూట్ల లేసులు మూడుసార్లు విప్పి కట్టాడు.

పొద్దున డౌన్‌టౌన్ వెళ్లేసరికి ఆ చికాకంతా పోయింది. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు. ప్రీ పుట్టి పెరిగింది ఇక్కడే, 1951లో. తండ్రి వడ్రంగి, తల్లి జర్మనీ నుంచి వచ్చిన దర్జీ. రేసు దారి చదును కాదు, ప్రీ సాధన చేసిన ఎత్తుపల్లాల దారి. వేగం కోసం అడుగున కార్బన్ పలక పెట్టిన కొత్త బూట్లతో మా బావమరిది మొదటి ఎత్తులోనే దూసుకుపోయి, తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని కనిపించాడు. “నువ్వు వెళ్లు బావా” అన్నాడు, మొహం మాడ్చుకుని. నేను వెళ్లాను. నీళ్ల దగ్గర నిలబడ్డ స్కూలు పిల్లలు కప్పు అందించడంతో సరిపెట్టలేదు, పక్కన నాలుగడుగులు పరిగెత్తి మరీ ఉత్సాహపరిచారు.

ముగింపు మార్ష్‌ఫీల్డ్ హైస్కూల్ ట్రాక్ మీద. ప్రీ చదివిన బడి, ఇప్పుడు ట్రాక్‌కి ఆయన పేరే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఆయన 5000 మీటర్లలో నాలుగో స్థానంతో పతకం పోగొట్టుకున్నాడని అందరూ చెబుతారు. కానీ ఇదే బడి ట్రాక్ మీద 1975 మే 9న 2000 మీటర్లు 5 నిమిషాల 1.4 సెకన్లలో పరిగెత్తి అమెరికా రికార్డు పెట్టాడని తక్కువమంది చెబుతారు. మూడు వారాలకి మనిషి లేడు. రోడ్డు మీంచి ట్రాక్ మీదకి అడుగు పడగానే కాళ్ల కింద మెత్తబడి, తెలియకుండానే స్పీడు పెంచాను. నా టైమ్ గంటా ఏడు నిమిషాలు. ఫెన్సింగ్ అవతల శాలువా కప్పుకుని అత్తయ్యగారు నాకే కాదు, వచ్చిన ప్రతివాళ్లకీ చప్పట్లు కొట్టారు.

కూస్ ఆర్ట్ మ్యూజియంలో ప్రీ గ్యాలరీకి గంట కేటాయించండి. తర్వాత చార్లెస్టన్ వెళ్లి రేవులో ఉడికించిన డంజినెస్ పీత కొనండి. మాకు పెద్దది 27 డాలర్లు పడింది. భీమవరంలో చదువుకున్న మా ఆవిడ దాన్ని ఆవకాయతో తిని, ముందురోజు నుంచి మొదటిసారి నవ్వింది. అత్తయ్యగారు శాకాహారి, పెరుగన్నం తిన్నారు.

బసకి నా సలహా: సన్‌సెట్ బే స్టేట్ పార్క్‌లో యర్ట్‌లు (గుండ్రటి గుడారం గదులు) ఉన్నాయి, ఆరు నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు, ఆ రోజే పట్టండి. దొరక్కపోతే యూజీన్‌లో పడుకుని తెల్లవారుజామున రెండుంపావు గంటలు డ్రైవ్ చేయడం నయం. మోటెలే గతి అయితే కన్ఫర్మేషన్ స్క్రీన్‌షాట్ తీసి, మనుషుల సంఖ్య రాసి పంపి జవాబు తెప్పించుకోండి. నా స్క్రీన్‌షాట్ పెట్టి కార్డు కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఆ 35 డాలర్లు వెనక్కొచ్చాయి. తలకి 15 మాత్రం రాలేదు, అది చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉందట.