కారు దించాక వచ్చిన వణుకు, దానికి వేసిన అడ్జస్టబుల్ అప్పర్ ఆర్మ్స్: చాలాకాలం వాడాక సమీక్ష

నాది వెనక చక్రాల డ్రైవ్ కారు. వెనక సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు), కాయిల్ స్ప్రింగులు, యాక్సిల్‌ను బాడీకి కలిపే కడ్డీలు, అంటే పైన రెండు ఆర్మ్స్, కింద రెండు ఆర్మ్స్, యాక్సిల్ పక్కకు జరగకుండా అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్. దీనికి కారు ఎత్తును 40 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు, వాటికి సరిపోయే పొట్టి షాక్ అబ్జార్బర్లు వేయించాను. మలుపుల్లో ఒరగడం బాగా తగ్గింది, స్టీరింగ్ తిప్పితే కారు వెంటనే మాట వింటోంది. కానీ 80 దాటగానే సీటు కింద జుమ్మని ఒక వణుకు మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంది, కాలు తీస్తే తగ్గుతుంది. దూర ప్రయాణంలో తల నొప్పి పుట్టించేంత చిరాకు.

ఇలాంటి వణుకు చెప్పగానే ఏ షాపులోనైనా మొదట వీల్ బ్యాలెన్సింగ్ అంటారు. నాకూ అదే చెప్పారు. చేయిస్తే స్టీరింగ్ మరింత నున్నగా తిరిగింది కానీ సీటు కింద జుమ్మనడం అలాగే ఉంది. నిజానికి చిన్న లెక్క వేసుకుంటే తేడా ముందే తెలుస్తుంది. మామూలు కారు టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు 1.9 మీటర్లు వెళ్తుంది. అంటే 90 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 13 సార్లు తిరుగుతుంది. టైరు బ్యాలెన్స్ తప్పితే వణుకు ఆ లెక్కలో, చేతికి అదురులా అందుతుంది. డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) నిష్పత్తి 4 అనుకుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని చేర్చే పొడవాటి గొట్టం) సెకనుకు 50కి పైగా చుట్లు తిరుగుతుంది. ఆ షాఫ్ట్ వంగి తిరిగేందుకు రెండు చివర్లా ఉండే క్రాస్ జాయింట్ కోణం వల్ల వచ్చే వణుకు ఒక్కో చుట్టుకు రెండుసార్లు వస్తుంది, అంటే సెకనుకు 100కి పైగా. అది చేతికి అదురులా ఉండదు, ఒంటికి జుమ్మని తగులుతుంది. మీ కారులో వచ్చేది ఈ రెండింటిలో ఏదో గమనిస్తే సగం డబ్బు మిగులుతుంది.

అసలు కారణం ఇది. క్రాస్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు, ఇటువైపు వేగం నిలకడగా ఉన్నా అటువైపు వేగం చుట్టుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ముందు జాయింట్ పెట్టిన ఈ హెచ్చుతగ్గుల్ని వెనక జాయింట్ అంతే మోతాదులో ఎదురుగా చేసి చదును చేయాలి. రెండు చోట్లా కోణాలు దాదాపు సమానంగా ఉంటేనే అది కుదురుతుంది. కారు దించినప్పుడు యాక్సిల్ బాడీ వైపు పైకి వస్తుంది, షాఫ్ట్ వాలు మారుతుంది, పై ఆర్మ్స్‌కూ కింది ఆర్మ్స్‌కూ పొడవులో తేడా ఉండడం వల్ల యాక్సిల్ హౌసింగ్ (డిఫరెన్షియల్ ఉండే బయటి పెంకు) కూడా కాస్త తిరుగుతుంది. నా కారులో పినియన్ మూతి, అంటే షాఫ్ట్ వచ్చి కలిసే డిఫరెన్షియల్ ముందు భాగం, పైకి లేచింది.

కొలతలు నేనే తీశాను, అయస్కాంతంతో అతుక్కునే డిజిటల్ యాంగిల్ గేజ్‌తో. కారును జాకీ స్టాండ్ల మీద పెట్టేటప్పుడు స్టాండ్లు వెనక యాక్సిల్ కిందే ఉండాలి, ఛాసిస్ కింద కాదు. చక్రాలు వేలాడుతుండగా తీసిన కోణం దేనికీ పనికిరాదు. ముందు చక్రాల్ని కూడా అంతే ఎత్తుకు లేపాలి, లేకపోతే కారు వాలు కొలతలో కలిసిపోయి గందరగోళం అవుతుంది. గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది. షాఫ్ట్ వెనక్కి 1 డిగ్రీ వాలి ఉంది. పినియన్ మూతి 5 డిగ్రీలు పైకి ఉంది. అంటే ముందు జాయింట్ పనిచేసే కోణం 2 డిగ్రీలు, వెనకది 4. పైగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ మూతి ఇంకాస్త పైకెక్కుతుంది. తొక్కినప్పుడే వణుకు ఎందుకు పెరిగేదో ఈ అంకెలు చూశాక అర్థమైంది. రెండు కోణాల తేడా 1 డిగ్రీ లోపు, ఒక్కో కోణం 3 డిగ్రీల లోపు ఉండేలా చూసుకోవాలి. సున్నా చేయడం కూడా మంచిది కాదు. క్రాస్ లోపలి సూది రోలర్లు కాస్తయినా కదలకపోతే ఒకేచోట నొక్కుకుని గుంటలు పడతాయి.

ఇక అడ్జస్టబుల్ ఆర్మ్స్. నేను తీసుకున్నవి రెండు చివర్లా రబ్బరు బుష్‌లు (బోల్టు చుట్టూ ఉండే మెత్తలు), మధ్యలో కుడి మర ఒకవైపు, ఎడమ మర ఇంకోవైపు ఉన్న రకం. ఆర్మ్‌ను కారు నుంచి విప్పకుండానే మధ్య పైపును తిప్పి పొడవు మార్చుకోవచ్చు. పై ఆర్మ్ పొడవు తగ్గిస్తే యాక్సిల్ పైభాగం ముందుకు వస్తుంది, పినియన్ మూతి కిందికి దిగుతుంది. నా కారులో పై, కింది ఆర్మ్స్ బోల్టుల మధ్య సుమారు 200 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి 3 డిగ్రీలు దించడానికి 10 మిల్లీమీటర్లకు కాస్త పైగా తగ్గించాల్సి వచ్చింది. కుడి, ఎడమ ఆర్మ్స్ రెండింటినీ సమానంగా తిప్పాలి, లేకపోతే బుష్‌లు మెలిపడి ఉంటాయి. చివరికి నిలిచి ఉన్నప్పుడు పినియన్ 2 డిగ్రీల దగ్గర పెట్టాను. వెనక కోణం 1 డిగ్రీ అయింది, తొక్కినప్పుడు మూతి లేచి ముందు కోణానికి దగ్గరపడుతుంది.

ఫలితం మొదటి డ్రైవ్‌లోనే తెలిసింది. 80 నుంచి 100 వరకు వణుకు పూర్తిగా పోయింది. 110 దగ్గర, ఐదో గేరులో గట్టిగా తొక్కితే మాత్రం లీలగా తెలుస్తుంది. కారులో ఎక్కినవాళ్లెవరూ అది కనిపెట్టలేదు.

బిగించేటప్పుడు ఒక పని మాత్రం వదలొద్దు. బుష్ బోల్టుల్ని కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు చేయాలి. రబ్బరు బుష్ తిరిగే బేరింగ్ కాదు, మెలితిరిగే రబ్బరు. యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దిగిన క్షణం నుంచి రబ్బరు మెలిపడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. నేను ఇప్పటికీ టార్చ్ పట్టుకుని చూస్తుంటాను. బుష్ అంచు చుట్టూ నల్లగా, గీత పడకుండా ఉంది. లాక్‌నట్ (పైపు తిరగకుండా పట్టి ఉంచే నట్టు) మీద, పైపు మీద కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. ఒకవైపు నట్టు వదులైనప్పుడు ఆ గీత జరిగి కనిపించింది, చప్పుడు రాకముందే బిగించగలిగాను. మరల్లోకి మట్టి, నీళ్లు చేరకుండా గ్రీజు పూసి ఉంచుతాను. అయినా తుప్పు మొదలైంది. ఈ పూత విషయంలో తయారీదారు పొదుపు చేశాడని నా అభిప్రాయం. ఇచ్చిన కాగితంలో లాక్‌నట్ ఎంత టార్క్‌తో బిగించాలో కూడా రాయలేదు, అది మరీ అన్యాయం.

రబ్బరుకు బదులు చివర్లో రాడ్ ఎండ్ (లోహపు బంతి కీలు) ఉన్న ఆర్మ్స్ రోడ్డు కారుకు నేను చెప్పను. కోణం గట్టిగా నిలుస్తుంది నిజమే, కానీ డిఫరెన్షియల్ మోత అంతా క్యాబిన్‌లోకి వస్తుంది, దుమ్ములో అరుగుదలా త్వరగా వస్తుంది. పాలీయురేథేన్ బుష్‌లది ఇంకో ఇబ్బంది. నాలుగు లింకుల యాక్సిల్ ఒకవైపు మాత్రమే లేచినప్పుడు ఆర్మ్ మెలితిరగాలి, గట్టి బుష్ దాన్ని అడ్డుకుంటుంది. రబ్బరే నయం.

లీఫ్ స్ప్రింగులున్న బండికి ఆర్మ్స్ ఉండవు కాబట్టి స్ప్రింగుకూ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు షిమ్ (చీలలాంటి లోహపు ముక్క) పెడతారు. అల్యూమినియంవి పగిలే ప్రమాదం ఉంది, స్టీలువే తీసుకోండి. ముందు చక్రాల డ్రైవ్ వాళ్ల సమస్య వేరు. దించినప్పుడు డ్రైవ్ షాఫ్ట్ లోపలి ట్రైపాడ్ (మూడు రోలర్లున్న) జాయింట్ కోణం పెరిగి, తొక్కినప్పుడు చుట్టుకు మూడు కుదుపుల చొప్పున ఊగుతుంది. జాయింట్ మార్చితే కొంతకాలం తగ్గుతుంది, కోణం అలాగే ఉంటే మళ్లీ వస్తుంది. వాళ్లకు కారును కాస్త పైకి లేపుకోవడమే మేలు.

దించాక ఇంకో రెండు చోట్ల కూడా చూడాలి. పాన్‌హార్డ్ రాడ్ వల్ల యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది, నాకు టైరుకూ ఫెండర్‌కూ మధ్య సందు రెండువైపులా వేరుగా కనిపించింది, దానికి అడ్జస్టబుల్ రాడ్ వేశాను. షాఫ్ట్ ముందు చివర గేర్‌బాక్స్‌లోకి జారే స్లిప్ యోక్ ఎంత లోపలికి వెళ్లిందో కూడా కొలవాలి. యాక్సిల్ పూర్తిగా పైకి వచ్చినా యోక్ అడుగుకు తగలకుండా సందు ఉండాలి, తగిలితే గేర్‌బాక్స్ వెనక బేరింగ్ పోతుంది. షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజ్ (బోల్టులు బిగించే పళ్లెం) మీద గుర్తు పెట్టుకుని, మళ్లీ అదే స్థానంలో బిగించండి. స్ప్రింగులు వాడగా వాడగా కాస్త కుంగుతాయి, అందుకని నేను సర్వీస్ చేయించినప్పుడల్లా ఈ మూడు కోణాలూ మళ్లీ కొలుస్తాను.