గాలియం స్కాన్ బాగుంది, బాత్‌రూమ్ ఒక్కటే ఉంది

ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయిన మూడేళ్లకు పీఎస్‌ఏ (ఆ క్యాన్సర్ జాడ తెలిపే రక్తపరీక్ష అంకె) మళ్లీ పెరగడంతో, అది ఒంట్లో ఎక్కడుందో వెతకడానికి డాక్టరు గారు పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ రాశారు. పోయిన నెల విశాఖలోనే ఒక సెంటర్లో చేయించుకున్నాను. పేరు రాయడం లేదు.

మొదటి పేచీ ఫోనులోనే. "ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినవద్దు" అన్నారు. నేను షుగరు మనిషిని. గాజువాక నుంచి ఖాళీ కడుపుతో బస్సెక్కి వెళితే, టెక్నీషియన్ అబ్బాయి "దీనికి ఉపవాసం అవసరం లేదండీ, అది గ్లూకోజు మందు ఎక్కించే స్కానుకు" అన్నాడు. మా కోడలు పరుగున వెళ్లి ఇడ్లీ తెచ్చింది.

ఆ అబ్బాయికి మాత్రం పూర్తి మార్కులు. సూది గుచ్చినట్టే తెలియలేదు. స్టీల్ ప్లాంటులో మేము పైపు అతుకుల్లో లోపం పట్టడానికి ఇరిడియం అనే రేడియోధార్మిక లోహం పెట్టి ఫిల్ము తీయించేవాళ్లం. అక్కడ కిరణం బయటి నుంచి లోపలికి; ఇక్కడ నా ఒంట్లో నుంచే బయటికి! ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్ దండిగా ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకునే అణువుకు గాలియం-68 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించి ఎక్కిస్తారు. 68 నిమిషాలకు సగం తరిగిపోయే సరుకది.

ఎక్కించాక గంట కూర్చోబెట్టారు. నీళ్లు బాగా తాగాలి, స్కానుకు ముందు మూత్రం పోసి రావాలి. మందు మూత్రంలోకి దిగుతుంది కనుక, నిండిన మూత్రాశయం పక్కనున్న క్యాన్సర్ చుక్కను కప్పేస్తుందట. సబబే. కానీ మేము ఐదుగురం, అందరం ప్రోస్టేటు బాధితులమే, బాత్‌రూమ్ ఒక్కటి! దానికీ గడియ పడదు. ఒకరు లోపలికి వెళితే మరొకరు తలుపు పట్టుకుని కాపలా.

బొమ్మలో లాలాజల గ్రంథులు, కిడ్నీలు దీపాల్లా వెలగడం చూసి కోడలు హడలిపోయింది. అవి అందరికీ వెలుగుతాయని డాక్టరమ్మ చెప్పి, కటి దగ్గర మెంతిగింజంత చుక్కను వేరుగా చూపించారు. అలాంటి అణువుకే గాలియం బదులు లుటీషియం-177 అనే మరో రేడియోధార్మిక పదార్థం తగిలిస్తే అది వైద్యమట. బీటా కిరణాలతో కణాన్ని దెబ్బతీస్తుంది. ఆరు వారాలకొకటి చొప్పున ఆరు విడతల దాకా ఇస్తారు. అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. లాలాజల గ్రంథులకూ తగులుతుంది కనుక నోరు ఎండిపోవచ్చు. నాకు ఇప్పుడప్పుడే ఆ అవసరం లేదన్నారు.

వెళ్లేవాళ్లు తినాలో వద్దో ఫోనులో రెండుసార్లు అడగండి. బాత్‌రూమ్ తలుపుకు గడియ బదులు కట్టిన నీలం జేబురుమాలు నాదే. ఇంకా ఉంటే వాడుకోండి.